నల్లా నీళ్లు కరెంటులా తగిలిన రోజులు

2023 మే మొదటి వారం. పొద్దున్నే ముఖం కడుక్కుందామని నల్లా తిప్పాను. నీళ్లు చేతి మీద పడగానే మోచేతి దాకా జివ్వుమని కరెంటు పాకింది. గబుక్కున చేయి వెనక్కి లాక్కున్నాను. గీజరులో ఏదైనా షార్ట్ అయ్యిందేమోనని మా ఆయనను పిలిచాను. ఆయన టెస్టర్ తెచ్చి నల్లాకు, పైపుకు, తడి గోడకు పెట్టి చూశారు. ఎక్కడా వెలగలేదు. తన చేయి నీళ్ల కింద పెట్టి "ఏం లేదు కదా" అన్నారు. మళ్లీ నేను పెట్టాను. మళ్లీ జివ్వుమంది.

అప్పటికి నేను మాత్ర మానేసి ఎనిమిది రోజులు. ఆ మాత్రకూ ఈ నల్లాకూ సంబంధం ఉందని తెలియడానికి ఇంకో నెల పట్టింది. ఆ నెలంతా నేను ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు.

మాది నిజామాబాద్. నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. 2019 డిసెంబరులో బాపు పోయారు. నెల తిరగకముందే నాకు గుండె దడ మొదలైంది. పాఠం చెబుతూ చెబుతూ ఉంటే ఊపిరి అందనట్టయ్యేది, బోర్డు పట్టుకుని నిలబడిపోయేదాన్ని. ఈసీజీ, ఎకో తీశారు. గుండె బాగానే ఉందన్నారు. డాక్టరు గారు "టెన్షన్ అమ్మా, అంతే" అని ఆల్ప్రాజోలం 0.25 మిల్లీగ్రాముల మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాశారు. పదిహేను రోజులకు. బాపు పోయాక నేను కంటి నిండా నిద్రపోయింది ఆ రాత్రే. అందుకే ఆ మాత్ర మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. ఆ పదిహేను రోజులు అది నిజంగా నన్ను కాపాడింది.

పదిహేను రోజులు నెల అయ్యాయి. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. డాక్టరు దగ్గరికి పోయే వీలు లేదు, పాత చీటీ చూపిస్తే మెడికల్ షాపులో ఇచ్చేవారు. తర్వాత చీటీ కూడా అడగడం మానేశారు. అలా మూడేళ్లు దాటిపోయాయి. ఆ స్ట్రిప్ వెనక ఎర్ర గీతల పెట్టెలో చిన్న అక్షరాలతో ఒక హెచ్చరిక ఉంటుంది. డాక్టరు సలహా లేకుండా వాడటం ప్రమాదమని, చీటీ లేకుండా అమ్మకూడదని. ఈ మందు షెడ్యూల్ హెచ్1లో, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల ప్రభుత్వ జాబితాలో ఉంది. అమ్మిన ప్రతిసారీ షాపు వాళ్లు రిజిస్టరులో డాక్టరు పేరు, రోగి పేరు రాసుకోవాలని 2014 మార్చి నుంచి నిబంధన. మూడేళ్లు ఆ స్ట్రిప్ నా పర్సులోనే ఉంది. పిల్లలకు ప్రతి పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాలు కూడా చదవమని చెప్పే నేను ఆ ఎర్ర పెట్టె ఒక్కసారి కూడా చదవలేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడు గమనించలేదు. రెండో ఏడాది నుంచి సాయంత్రం నాలుగు, నాలుగున్నర అయ్యేసరికి చేతులు సన్నగా వణికేవి. చిరాకు పుట్టేది. రాత్రి మాత్ర వేసుకున్న అరగంటకు అన్నీ సర్దుకునేవి. చూశావా, ఈ మాత్ర లేకపోతే నాకు ఎంత కష్టమో అనుకునేదాన్ని. ఆల్ప్రాజోలం ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. వేసుకున్న పదకొండు గంటలకు అటూ ఇటూగా సగం వెళ్లిపోతుంది. రోజూ సాయంత్రం నాకు వచ్చింది జబ్బు కాదు, మందు తగ్గిపోయినప్పటి లోటు అని తర్వాత తెలిసింది.

ఎండాకాలం సెలవులిచ్చారు. అమ్మాయి ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. మనసు తేలికగా ఉంది. బాగానే ఉన్నాను కదా, ఇంకా ఎందుకు ఈ మాత్ర అనిపించింది. ఏప్రిల్ 26 రాత్రి వేసుకోలేదు. గోడ క్యాలెండరులో పాలవాడి లెక్క పక్కన "మాత్ర బంద్" అని రాసుకున్నాను కూడా. ఎవరినీ అడగలేదు. అడగాల్సిన విషయం అని తోచలేదు.

మొదటి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అలవాటు పోతోంది, అంతే అనుకున్నాను. మూడో రోజు నుంచి ఒక్కొక్కటే వచ్చాయి. చెవుల్లో కీచురాళ్లు. మధ్యాహ్నం రెండు గంటల ఎండలో కూడా కీచురాళ్లే. నాలుక మీద ఇనుము రుచి. మజ్జిగ తాగినా, మామిడిపండు తిన్నా చిన్నప్పుడు రూపాయి బిళ్ల నోట్లో పెట్టుకున్నట్టే ఉండేది. పిక్కల్లో కండరాలు వాటంతట అవే అదిరేవి. కూర్చుని చూస్తుంటే చీర కింద చర్మం పైకీ కిందికీ కదలడం కంటికి కనిపించేది. ఎండలోకి వెళ్లకుండానే ముఖం ఎండకు కమిలినట్టు మండేది. అద్దంలో చూస్తే ఎర్రదనమైనా లేదు. పంటి చిగుళ్లలో జివ్వుజివ్వుమని ఏదో పాకేది.

అన్నింటికంటే భయపెట్టింది నేల. వంటింట్లో బండల మీద నిలబడితే పరుపు మీద నిలబడినట్టు కాళ్ల కింద మెత్తగా కుంగేది. బాసరలో గోదావరి మీద పడవ ఎక్కి దిగాక కాసేపు ఒడ్డు కూడా ఊగుతుంది చూడండి, ఆ ఊపు రోజంతా ఉండేది. కళ్లు తిరగడం వేరు, ఇది వేరు. గది తిరగదు. నేను కదిలిపోతుంటాను.

వెలుతురు, శబ్దం కూడా పడలేదు. ట్యూబులైటు వేస్తే కళ్లలో సూదులు గుచ్చినట్టుండేది. ఇంట్లోనే మా ఆయన చలువ కళ్లద్దాలు పెట్టుకుని తిరిగాను. సింకులో స్టీలు గిన్నె మీద గరిటె పడితే ఆ చప్పుడు పుర్రెకు తగిలేది. గోడ గడియారం టిక్‌టిక్ భరించలేక బ్యాటరీ తీసేశాను. నిద్రలోకి జారుతున్న క్షణంలో ఒళ్లంతా ఒక్క కుదుపు కుదిపి లేపేది. అలా రాత్రికి పది, పదిహేను సార్లు.

అమ్మ ఊరి నుంచి వచ్చింది. నన్ను చూసి "గాలి సోకినట్టున్నది బిడ్డా" అంది. ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. మిరపకాయలు కాలినా ఘాటు రాకపోతే దిష్టి గట్టిదని లెక్క. అమ్మకు వయసు మీద పడి వాసన సరిగా తెలియదు. "చూసినవా, కొంచెం కూడా కోరు లేదు" అంది. లోపలి గదిలో తలుపేసుకుని పడుకున్న నాకు ఆ ఘాటుకు కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి. నేనేమీ అనలేదు. తల నిమురుతూ కూర్చుంది. ఆ చేయి కూడా చర్మం మీద గరుకుగా తగిలింది కానీ తీసెయ్యమని చెప్పడానికి నోరు రాలేదు.

ఆసుపత్రుల సంగతి పొడిగించను. థైరాయిడ్, బీ12, డీ విటమిన్, కాల్షియం, షుగర్, అన్నీ చేశారు. చెవుల డాక్టరు చెవులు బాగున్నాయన్నారు. కళ్ల డాక్టరు కళ్లు బాగున్నాయన్నారు. తల ఎంఆర్ఐ తీశారు. నార్మల్. ఆ మిషను లోపల వచ్చే చప్పుడు అప్పుడున్న నా చెవులకు ఎలా వినిపించిందో రాయలేను. ముప్పై వేల పైన ఖర్చయింది. చివరికి ఒక చోట "రిపోర్టులన్నీ నార్మలే. మీకు పాత యాంగ్జైటీ తిరగబెట్టింది" అన్నారు.

ఆ మాట దగ్గర నాకు ఏడుపు వచ్చింది. ఎందుకంటే నా పాత భయం నాకు తెలుసు. మూడేళ్ల కిందట దాన్ని దగ్గరగా చూశాను. దానికి ముందు ఒక ఆలోచన ఉంటుంది, బాపు గుర్తొస్తారు, గుండె దడ పెరుగుతుంది, అరగంటకు దిగిపోతుంది. ఇప్పుడు వచ్చినవాటికి ఆలోచనతో పని లేదు. చపాతీ పిండి కలుపుతూ, ఏ దిగులూ లేకుండా ఉన్నప్పుడు పిక్క అదరడం మొదలయ్యేది. ఇనుము రుచి, ఊగే నేల, కరెంటు నీళ్లు, ఇవేవీ పాత భయంలో లేనే లేవు. పాతది తిరగబెడితే పాత లక్షణాలు రావాలి కదా, కొత్తవి ఎక్కడి నుంచి వచ్చాయి? ఆ ప్రశ్న అడిగే ఓపిక ఆ రోజు నాకు లేకపోయింది.

మే చివర్లో ఒక రాత్రి రెండు గంటలప్పుడు 14416కు ఫోన్ చేశాను. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడారు. అవతల ఒక అమ్మాయి. నేను చెప్పేదంతా మధ్యలో ఆపకుండా విన్నది. తర్వాత అడిగింది: "ఈ మధ్య కొత్తగా ఏమైనా మందులు మొదలుపెట్టారా అమ్మా? లేదా ఏవైనా మానేశారా?"

ఏం మందులు వాడుతున్నారు అని ప్రతి డాక్టరూ అడిగారు. ఏమీ లేవు అని ప్రతిసారీ నిజమే చెప్పాను. ఏం మానేశారు అని ఎవరూ అడగలేదు. ఫోన్ పట్టుకునే వంటింట్లోకి వెళ్లి క్యాలెండరు ఏప్రిల్ పేజీ పైకి ఎత్తి చూశాను. మాత్ర బంద్. దాని కింద మూడు గళ్లు దాటాక నేనే పెన్సిలుతో రాసుకున్న మాట: చెవుల్లో చప్పుడు.

ఆ అమ్మాయి సైకియాట్రిస్టును కలవమని, పాత చీటీ, స్ట్రిప్ వెంట తీసుకెళ్లమని చెప్పింది. జూన్ మొదటి శనివారం హైదరాబాద్ వెళ్లాం. డాక్టరమ్మ క్యాలెండరు పేజీ ఫోటో చూసి నెమ్మదిగా తలూపారు. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. మెదడులో గాబా అనే రసాయనం బ్రేకు పని చేస్తుంది. చప్పుడు, వెలుతురు, స్పర్శ, కండరాల బిగువు, అన్నింటినీ అదుపులో పెట్టేది అదే. ఆల్ప్రాజోలం ఆ బ్రేకును గట్టిగా నొక్కి పెడుతుంది. నెలల తరబడి బయటి నుంచి ఎవరో నొక్కుతుంటే మెదడు తన సొంత బ్రేకును వదులు చేసుకుంటుంది. అప్పుడు ఒక్కరోజులో మందు తీసేస్తే బయటిదీ ఉండదు, సొంతదీ ఉండదు. అందుకే చిన్న నీటి ధార కరెంటులా, చిన్న చప్పుడు దెబ్బలా తగులుతుంది. "మీ నరాలు అబద్ధం చెప్పడం లేదమ్మా. అడ్డుకట్ట లేక అన్నీ లోపలికి వచ్చేస్తున్నాయి" అన్నారు. ఇన్నేళ్ల పాటు వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చని, అవి రాకపోవడం నా అదృష్టమని చెప్పారు. తర్వాత మా ఊరు అడిగారు. నిజామాబాద్ అనగానే ఆగి, "మీ జిల్లాలో కల్తీ కల్లు ఆగినప్పుడు జనానికి వచ్చింది కూడా ఇదే. కల్లులో కలిపేవాటిలో ఈ ఆల్ప్రాజోలం కూడా ఒకటి" అన్నారు.

నాకు మాట రాలేదు. 2015 సెప్టెంబరులో ఎక్సైజ్ వాళ్లు కల్తీ కల్లు మీద దాడులు చేసి ఆపించినప్పుడు మా జిల్లాలో, మహబూబ్‌నగర్‌లో ఎంతోమంది ఫిట్స్‌తో, వణుకుతో ఆసుపత్రుల పాలయ్యారు. పేపర్లలో "కల్లు కోసం వింత చేష్టలు" అని రాశారు. వాళ్లలో మా చిన్నాయన ఒకరు. రోజూ సాయంత్రం రెండు సీసాలు తాగేవారు. కల్లు దొరకని మూడో రోజు నుంచి మంచం మీద కూర్చుని కాళ్లు రుద్దుకుంటూ "చీమలు, చీమలు" అనేవారు. రేడియో బంద్ చెయ్యమని అరిచేవారు. ఆ గదిలో రేడియో లేదు. మేమంతా ఏమన్నాం? కల్లు కోసం నాటకాలు అన్నాం. నేనూ అన్నాను. ఆయన మంచం పక్కన నిలబడి, పెద్ద చదువుకున్నదాన్ననే ధీమాతో, "కొంచెం ఓర్చుకో చిన్నాయనా, అంతా నీ మనసులోనే ఉంది" అన్నాను. హైదరాబాద్ నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ మాటే నా చెవిలో మోగింది.

మళ్లీ మందు మొదలుపెట్టి, మెల్లగా దించాలన్నారు డాక్టరమ్మ. ఆల్ప్రాజోలం బదులు డయజెపామ్. 1963 నుంచి వాడుకలో ఉన్న అదే రకం పాత మందు, ఒంట్లో రోజుల తరబడి నిలుస్తుంది కాబట్టి సాయంత్రం నాలుగింటి వణుకు లాంటిది ఉండదు. ఒక్కరోజులో మార్చలేదు. ముందు రాత్రి మాత్ర మార్చారు, తర్వాత పొద్దుటిది. జూలై మొదటికి రోజుకు 10 మిల్లీగ్రాముల డయజెపామ్ దగ్గర నిలబెట్టారు. ఆ లెక్క నాకు, నా ఒంటికి వేసింది. ఇంకొకరికి ఇంకోలా ఉంటుంది. ఇది చూసి ఎవరూ ఇంట్లో సొంతంగా లెక్కలు వేసుకోవద్దు, దయచేసి.

మూడు వారాలకు ఒక మిల్లీగ్రాము తగ్గించాం. దసరా నాటికి 5 మిల్లీగ్రాములు. ఇంగ్లండులో న్యూకాసిల్‌లో హెదర్ ఆష్టన్ అనే ప్రొఫెసర్ 1982 నుంచి 1994 దాకా ఇలాంటి మందులు మానేవాళ్ల కోసమే ఒక క్లినిక్ నడిపారట. అక్కడ ఆవిడ రోగులు చెప్పింది విని రాసుకున్నవాటి మీదే ఈ పద్ధతి చాలావరకు నిలబడిందని డాక్టరమ్మ చెప్పారు. వినడం, రాసుకోవడం. ఆ రెండు మాటలు నాకు చాలా నచ్చాయి. అమెరికాలో 2020లో ఈ రకం మందులన్నింటి డబ్బాల కాగితాల మీద అలవాటు పడటం గురించి, ఒక్కసారిగా మానడం గురించి గట్టి హెచ్చరిక రాయించారని మా అమ్మాయి చదివి చెప్పింది.

అయిదు నుంచి కిందికి అసలు కష్టం. అక్కడి నుంచి ఒక్కోసారి అర మిల్లీగ్రామే తగ్గించేవాళ్లం. 2 మిల్లీగ్రాముల మాత్రను నాలుగు ముక్కలు చేయాలి. మాత్ర చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. ప్రతి ఆదివారం పొద్దున స్నానం చేశాక, ఫ్యాను ఆపి, స్టీలు పళ్లెం మీద తెల్ల కాగితం పరిచి, కొత్త బ్లేడుతో కోసేదాన్ని. మొదటి కోత బాగానే వచ్చేది, గీత ఉంటుంది కాబట్టి. రెండో కోతకు ముక్క పొడై ఒక పక్క పెద్దది, ఒక పక్క చిన్నది అయ్యేది. ఆ పొడిని కూడా వేలి కొసతో అద్ది పోగుచేసేదాన్ని. ముక్కలన్నీ అత్తమ్మ ఇచ్చిన పాత వెండి కుంకుమ భరిణెలో పెట్టుకున్నాను. తర్వాత డాక్టరమ్మ పావు ముక్కలు కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు, ఈ మందు నెమ్మదిగా కదిలేది కాబట్టి వారం మొత్తం మీద సమానమైపోతుందని చెబితే ఆ ఆదివారాల టెన్షన్ తగ్గింది.

తగ్గడం కూడా తిన్నగా జరగలేదు. ముసురు పట్టినట్టు పది రోజులు అన్నీ కమ్ముకునేవి. ఒక పొద్దున తెరపి ఇచ్చేది. నేల గట్టిగా ఉండేది, టీ టీలా ఉండేది. అయిపోయింది అనుకునేలోపు మళ్లీ ముసురు. మొదట్లో తెరపి రెండు గంటలు, సంక్రాంతి నాటికి రెండు మూడు రోజులు, ఉగాది నాటికి వారాలు. కొత్త మాత్ర మోతాదుకు వచ్చిన నాలుగో రోజు నుంచి ముసురు పట్టేదని క్యాలెండరు చూస్తే తెలిసేది, అందుకని ఆ వారంలో ఎవరినీ ఇంటికి పిలవలేదు. కాఫీ తాగిన రోజు పిక్కలు ఎక్కువ అదిరేవి, మానేశాను. చలికాలంలో మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ రాయబోతే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆ రకం యాంటీబయాటిక్స్ ఇదే బ్రేకు మీద దెబ్బ కొడతాయి, వేరేది రాయించుకోమన్నారు. అడగకుండా వేసుకుని ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

బడికి వెళ్తూనే ఉన్నాను. హెడ్మాస్టరు గారికి, పక్క క్లాసు టీచరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. గంట కొట్టే ముందు ఆవిడ కిటికీలోంచి చేయి ఊపేది, నేను చెవులు మూసుకునేదాన్ని. ఆమె చేసిన ఆ చిన్న సాయం ఏ మందుకూ తీసిపోదు.

2024 మే 12, ఆదివారం. భరిణెలో ఒకే ఒక్క పావు ముక్క ఉంది. వేసుకున్నాను. ఆ తర్వాత బ్లేడు తీయలేదు. ఇనుము రుచి అంతకుముందే పోయింది. నేల ఊగడం వానాకాలంలో ఆగింది. చెవిలో కీచురాళ్లు ఆ చలికాలం దాకా ఉన్నాయి. కుడి చెవిలో రాత్రిపూట, అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ఇప్పటికీ సన్నగా వినిపిస్తాయి. గుండె దడ మాత్రం తిరిగి రాలేదు. వచ్చినా దాని పేరు నాకు తెలుసు.

ఆ ఏడు పెత్రమాసకు ఊరికి వెళ్లినప్పుడు చిన్నాయన ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చుని ఉన్నారు. 2015లో ఆసుపత్రిలో పది రోజులు ఉండి వచ్చాక ఆయన మళ్లీ కల్లు ముట్టలేదు. పక్కన కూర్చుని నాకు జరిగిందంతా చెప్పాను. అప్పుడు నేనన్న మాటకు క్షమించమని అడిగాను. ఆయన నా చేయి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగారు.

"నీకు గూడ నోట్లె ఇనుము రుచి వచ్చిందా బిడ్డా?"

వచ్చిందన్నాను.

"నాకు ఆర్నెల్లున్నది" అన్నారు. "ఎవలకూ చెప్పలే."